సైఫాబాదు టంకశాల - హాలీ రూపాయి నుంచి నక్షత్రం గుర్తు దాకా

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నగరంలోని పాత కర్మాగారాలలో ఏదో ఒకదాని చరిత్ర చెప్పమని కార్యదర్శి గారు నన్ను అడిగారు. చెప్పుకోదగినవి చాలానే ఉన్నాయి. హుసేన్ సాగర్ ఒడ్డున 1920లో మొదలైన థర్మల్ పవర్ స్టేషన్ ఉండేది. దాన్ని 1995లో కూల్చివేశారు. ఆల్విన్ ఫ్యాక్టరీ, ప్రాగా టూల్స్, డి.బి.ఆర్. మిల్లు, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క పూట కావాలి. నేను సైఫాబాదు టంకశాలను ఎంచుకున్నాను. ఖజానాలోనూ, పింఛను సెక్షనులోనూ గుమాస్తాగా ముప్పై ఏళ్ళకు పైగా రూపాయలు, పైసలు లెక్క కట్టినవాణ్ణి. ఆ రూపాయి పుట్టే ఇల్లు మన సచివాలయానికి కూతవేటు దూరంలోనే ఉండేది. అయినా మనలో దాని లోపలికి వెళ్ళి చూసినవారు ఎందరు? ఎత్తైన గోడ, గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న సిపాయి, అంతే మనకు తెలిసింది. బస్సు కండక్టరు "మింట్ కాంపౌండ్" అని అరిస్తే దిగేవాళ్ళం దిగేవాళ్ళు, లేనివాళ్ళు లేదు.

టంకశాల మొదట సైఫాబాదులో లేదు. 1803లో సికందర్ జా గద్దెనెక్కిన ఏడాదే, పాతబస్తీలో మొఘల్‌పురా వైపు సుల్తాన్ షాహీలో రాజప్రాసాదపు ఆవరణలో దీన్ని నెలకొల్పారు. అప్పటి నాణెం పూర్తిగా చేతిపని. వెండి కరిగించి, ముక్కలు కోసి, తూచి, ఎక్కువైతే ఆకురాయి పెట్టి, అచ్చు మీద పెట్టి సుత్తెతో ఒక్క దెబ్బ వేయడమే. దెబ్బ పక్కకు పడితే సగం అక్షరాలు నాణెం మీద పడేవి, సగం గాలిలో పోయేవి. అంచుకు గీతలు ఉండేవి కావు కనుక, చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరు కాస్త వెండి గీకి దాచుకునేవారు. మన చేతికి వచ్చిన రూపాయి నిండు రూపాయా, గీకిన రూపాయా అని చెప్పడానికి షరాబు ఉండాలి. ఆ షరాబు ఊరికే చెప్పడు, వట్టం కోసుకుంటాడు.

పైగా నిజాం రాజ్యంలో టంకశాల ఇదొక్కటే కాదు. గద్వాల, నారాయణపేట, వనపర్తి, షోరాపూర్ వంటి చోట్ల సంస్థానాలవారు, అధికారులు తమ తమ నాణేలు కొట్టించేవారు. ఒక జిల్లాలో చెల్లే రూపాయి పక్క జిల్లాలో వట్టం లేకుండా చెల్లేది కాదు. ఈ గందరగోళాన్ని అదుపులోకి తెచ్చింది మొదటి సాలార్‌జంగు. విడివిడి టంకశాలలను మూయించి, హైదరాబాదులో కొట్టిన నాణేన్నే ప్రమాణం చేశారు. దానికే "హాలీ సిక్కా" అని పేరు. హాలీ అంటే ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నది అని అర్థం. 1857 తిరుగుబాటు ముగిసేదాకా ఆ నాణెం మీద ఢిల్లీ మొఘల్ చక్రవర్తి పేరే ఉండేది. చక్రవర్తి పోయాక అసఫ్ జా పేరు, దానితోపాటు 92 అనే అంకె వచ్చాయి. అది ఏ సంవత్సరమో అనుకుని తల బద్దలు కొట్టుకున్నవారిని చూశాను. అరబీ అక్షరాలకు అంకెల విలువలు కట్టే పద్ధతిలో మహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం 92.

యంత్రాలు వచ్చింది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో. 1890ల నడుమ యూరపు తరహా యంత్రాల మీద కొట్టిన నాణేలను జనం "చర్ఖీ" రూపాయిలన్నారు. 1903లో టంకశాల సైఫాబాదులోని కొత్త భవనాలకు మారింది. ఆ రోజుల నుంచే మన రూపాయి మీద చార్మినారు బొమ్మ వచ్చింది. అదివరకు నాణేల నిండా అక్షరాలే. చదువు రాని రైతుకు కూడా ఇది మన పట్నం రూపాయి అని తెలిసేలా బొమ్మ వేయడం ఎవరి ఆలోచనో గాని, మంచి ఆలోచన.

యంత్రం మీద నాణెం ఎలా తయారవుతుందో టూకీగా చెప్తాను. లోహాన్ని కరిగించి కడ్డీలుగా పోస్తారు. కడ్డీలను రోలర్ల నడుమ నడిపి రేకులు చేస్తారు. రేకులోంచి బిళ్ళలు కత్తిరిస్తారు, మన ఇళ్ళలో పిండి అప్పం మీద మూత అదిమి బిళ్ళలు తీసినట్టే. మిగిలిన జల్లెడ లాంటి రేకు మళ్ళీ కొలిమికి పోతుంది. రోలరు కింద నలిగిన బిళ్ళ గట్టిపడుతుంది కనుక దాన్ని కాల్చి మెత్తబరచాలి. కాలిస్తే నల్లబడుతుంది కనుక ఆమ్లంలో కడిగి ఆరబెట్టాలి. అంచు కాస్త లేపాలి. అప్పుడు ప్రెస్సులో పైఅచ్చు, కింది అచ్చు నడుమ ఒక్క దెబ్బ. చుట్టూ ఉండే కంకణంలో గీతలుంటే అదే దెబ్బకు నాణెం అంచున గీతలు పడతాయి. ఆ గీతలు అందానికి కావు, వెండి గీకేవాణ్ణి పట్టుకోవడానికి. గీకితే గీతలు పోతాయి. ఆ గీతలు వచ్చాక షరాబుల వట్టానికి చాలావరకు నూకలు చెల్లాయి.

ఇక లెక్కల సంగతి. మన సభలో లెక్కలంటే భయపడేవారు ఉండరు కదా!

నిజాం రాజ్యంలో రెండు రూపాయలు నడిచేవి. ఒకటి మన హాలీ, అంటే ఉస్మానియా సిక్కా, కాగితాల మీద ఓ.ఎస్. అని రాసేవారు. రెండోది బ్రిటిషు వారి రూపాయి. దాన్ని మనవాళ్ళు "కల్దార్" అన్నారు. కల్ అంటే యంత్రం. మన రూపాయి సుత్తి దెబ్బ తింటున్న రోజుల్లో వాళ్ళది యంత్రం మీద వచ్చేది కనుక ఆ పేరు. మనదీ యంత్రం మీద వచ్చాక కూడా ఆ పేరు వాళ్ళకే ఉండిపోయింది. ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానం. నూరు కల్దార్లు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ ఇవ్వాలి. ఇది ఎవరో మనల్ని చిన్నచూపు చూసి పెట్టిన లెక్క అని చాలామంది అనుకునేవారు. తూకం చూడండి. హాలీ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో అసలు వెండి నూటికి 81.8 వంతులు. కల్దార్ బరువు 11.66 గ్రాములు, వెండి నూటికి 91.7 వంతులు. ఏడు హాలీలలో ఉన్న వెండి, ఆరు కల్దార్లలో ఉన్న వెండి విడివిడిగా కట్టి చూస్తే రెండూ 64 గ్రాముల దగ్గరకే వస్తాయి. అంటే చిల్లర కొట్టువాడి నోటిలెక్క, టంకశాల త్రాసు లెక్క ఒక్కటే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రెంటిలోనూ వెండి తగ్గిపోయింది, అది వేరే కథ.

వెండి కొరత మొదటి యుద్ధకాలంలోనే తగిలింది. అందుకే 1918లో నిజాం ప్రభుత్వం సొంత కాగితం నోట్లు తెచ్చింది. సొంత నాణేలున్న సంస్థానాలు చాలా ఉన్నా, ఇంత పెద్ద ఎత్తున సొంత నోట్లు నడిపిన ఘనత మనదే. ఆ నోటు మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు కూడా ఉండేవి. అవి మాత్రం సైఫాబాదులో అచ్చయినవి కావు, లండనులో అచ్చయి ఓడల మీద వచ్చేవి.

ఈ హాలీ, కల్దార్ లెక్క నాకు పుస్తకాలలో పరిచయమైంది కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1974లో అనుకుంటాను, ఒక పెద్దాయన ప్రతి నెలా పింఛను రోజున మా కిటికీ దగ్గరకు వచ్చి నిలబడేవాడు. ఎనభై దాటిన మనిషి. నిజాం కాలంలో ఈ టంకశాలలోనే కొలిమి దగ్గర పనిచేసి 1945లో రిటైరయ్యాడు. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం. ఆయన మూల పింఛను 42 రూపాయలు, ఓ.ఎస్. రాష్ట్రంలో భారత రూపాయి వచ్చాక అది 36 రూపాయలైంది. ఆరింట ఏడో లెక్క, సరిగ్గా ఉంది. తర్వాత ఆయన పింఛను పుస్తకం చిరిగిపోతే కొత్తది రాశారు. రాసిన సహోద్యోగి పాత కాగితం పైన ఓ.ఎస్. అన్న అక్షరాలు చూశాడు, కింద 36 చూశాడు, మళ్ళీ ఏడో వంతు తీసేశాడు. 30 రూపాయల 86 పైసలు వచ్చింది. నెలకు 5 రూపాయల 14 పైసలు ముసలాయనకు తక్కువ పడుతోంది. ఆ రోజుల్లో అయిదు రూపాయలంటే ఏమిటో మీకు చెప్పాలా?

ఆయన అడిగినప్పుడల్లా "పెద్దాయనా, హాలీకి కల్దార్‌కి తేడా ఉంటది, నీకు తెల్వదా" అని పంపేసేవారు. ఆయనకు తెలియకపోవడమేమిటి! ఒకనాడు నా బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. రుమాలు ముడి విప్పి ఒక చార్మినారు రూపాయి తీసి బల్ల మీద పెట్టాడు.

"బిడ్డా, నాది ఒకపాలి కరగవోసిన వెండి. ఒకపాలి కరిగిస్తే తరుగు పోతది, నేను ఒప్పుకున్న. కరిగిన దాన్ని మల్ల కరగవోస్తే మల్ల తరుగు తీస్తరా? ఎన్నిసార్లు కరగవోస్తరు?"

అంతకన్నా చక్కగా ఆ కేసును ఏ నోట్ ఫైలులోనూ ఎవరూ రాయలేరు. పాత ఉత్తర్వు ఉర్దూలో ఉంది, అంకెలు కూడా రఖం పద్ధతిలో. నాకు చదవడం రాదు. మా సెక్షనులో రిటైర్మెంటుకు దగ్గరపడిన సూపరింటెండెంటు గారు అద్దాలు పైకెత్తి చదివి, "నలభై రెండు హాలీ, ముప్పై ఆరు కల్దార్ అని స్పష్టంగా ఉందయ్యా" అన్నారు. ఫైలు కదిలింది. కదలడానికి మూడు నెలలు పట్టింది, అది మన శాఖల ధర్మం. మొత్తం 14 నెలల బకాయి 71 రూపాయల 96 పైసలు. వేలిముద్ర వేయబోతే ఆయన ఆగి, సంతకం చేస్తానన్నాడు. ఉర్దూలో చేశాడు.

ఆ మూడు నెలల్లో ఆయన ఫైలు గురించి కనుక్కోవడానికి వచ్చినప్పుడల్లా టంకశాల ముచ్చట్లు చెప్పేవాడు. ఉదయం లోపలికి తూచి ఇచ్చిన వెండి, సాయంత్రం నాణేలు, తుక్కు, కొలిమి మడ్డి కలిపి తూస్తే సరిపోవాలి. సరిపోకపోతే గేటు తెరవరు. నేల మీది దుమ్ము కూడా ఊడ్చి దాచేవారట, అందులోనూ వెండి ఉంటుంది కనుక. చార్మినారు బొమ్మలో నడిమి కమాను కింద ఒక చిన్న అక్షరం ఉంటుందని నాకు చూపించింది ఆయనే. మహబూబ్ అలీ ఖాన్ కాలపు రూపాయిలో అది "మీమ్", ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు దానిలో "ఐన్". రాజుల పేర్లలోని మొదటి అక్షరాలు. "రాజు తలకాయ లేదు బిడ్డా మన రూపాయి మీద, దర్వాజల ఒక్క అచ్చరమే నిలవెట్టిన్రు" అన్నాడు. అప్పటిదాకా మా ఇంట్లో మా నాయనమ్మ దాచుకున్న రూపాయిలను ఎన్నోసార్లు చూశాను గాని, ఆ అక్షరం నా కంట పడలేదు.

పోలీసు చర్య తర్వాత, 1950లో టంకశాల భారత ప్రభుత్వం చేతిలోకి వెళ్ళింది. కొంతకాలం హాలీ, భారత రూపాయి రెండూ పక్కపక్కనే చెల్లాయి. తర్వాత హాలీ కొట్టడం ఆగిపోయింది. 1957 ఏప్రిల్ 1 నుంచి అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. అణాకు ఆరు నయా పైసలా, ఆరుంబావా అని కూరగాయల దగ్గర జరిగిన తగాదాలు మనలో వయసు మళ్ళినవారికి గుర్తుండే ఉంటాయి. తర్వాత అల్యూమినియం పైసలు, పువ్వులాంటి అంచున్న పది పైసలు, తామర పువ్వున్న పసుపుపచ్చని ఇరవై పైసలు. ఇత్తడి బిళ్ళలా మెరిసే ఆ ఇరవై పైసలను మా ఆడవాళ్ళు ఖర్చు పెట్టనిచ్చేవారు కారు, లక్ష్మీపూజకు దాచేవారు.

ఇక్కడ పిల్లలున్నారు కనుక ఒక మాట. మీ జేబులో ఉన్న నాణెం తీసి సంవత్సరం అంకె కింద చూడండి. అయిదు కోణాల చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదు నాణెం. వజ్రం ఆకారం ఉంటే బొంబాయిది. గుండ్రని చుక్క ఉంటే నోయిడాది. ఏమీ లేకపోతే కలకత్తాది. హైదరాబాదుకు మొదట్లో కొన్నేళ్ళు చీలిన వజ్రం వంటి గుర్తులుండేవి, తర్వాత నక్షత్రం స్థిరపడింది. ఈ సంగతి చెప్పిన నాటి నుంచి మా మనవడు ఇంటికొచ్చిన ప్రతి చిల్లరనూ తిరగేసి చూస్తున్నాడు. పాలవాడికి ఇవ్వాల్సిన చిల్లరలోంచి నక్షత్రాలు ఏరేసుకుంటున్నాడని మా కోడలి ఫిర్యాదు.

1980లలో చిల్లర కరవు వచ్చింది. కిరాణా కొట్టులో అర్ధరూపాయికి బదులు రెండు చాక్లెట్లు చేతిలో పెట్టేవారు. బస్సులో కండక్టరు టికెట్టు వెనక బాకీ రాసిచ్చేవాడు, దిగేటప్పుడు దాని కోసం వెంటపడాలి. ఉన్న టంకశాలలు రాత్రింబవళ్ళు కొట్టినా దేశానికి చాలలేదు. 1985లో విదేశాల టంకశాలల్లో నాణేలు కొట్టించి తెప్పించుకోవాల్సి వచ్చింది. 1988లో నోయిడాలో నాలుగో టంకశాల పెట్టారు. అదే ఏడాది నుంచి తుప్పు పట్టని ఉక్కు నాణేలు మొదలయ్యాయి. పాత నాణేలలోని లోహం విలువ దాని మీద రాసిన విలువను మించిపోతే, వాటిని కరిగించి అమ్ముకునేవారు తయారవుతారు కనుక చవక లోహానికి మారక తప్పలేదు. 2011 జూన్ 30తో పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి.

ఇంత పనికి సైఫాబాదు చోటు సరిపోలేదు. 1997లో టంకశాల చర్లపల్లికి తరలివెళ్ళింది. ఇప్పుడు మన నాణేలు తయారయ్యేది అక్కడే. 2006 నుంచి అది శాఖ కాదు, ప్రభుత్వ సంస్థ కింద నడుస్తోంది. పాతచోట ఇళ్ళ పేరు మాత్రం నిలిచింది. విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం చిరునామా మింట్ కాంపౌండే. మన పిల్లల పాఠ్యపుస్తకాల చివరి పేజీలో ముద్రణాలయం చిరునామా చదివారా? అదీ మింట్ కాంపౌండే. కరెంటు బిల్లు కట్టినా, ఒకటో తరగతి వాచకం తిరగేసినా ఆ పాత గేటు పేరు ఎదురవుతూనే ఉంది.

నాకు చాలాకాలం ఉన్న బెంగ ఏమిటంటే, చెరువు గట్టున థర్మల్ స్టేషన్ పోయినట్టే ఇదీ పోతుందేమోనని. ఆరవ నిజాం కట్టించిన సైఫాబాద్ ప్యాలెస్, మనలో కొందరు ఏళ్ళ తరబడి పనిచేసిన పాత సచివాలయపు జి బ్లాకు, 2020లో నేలమట్టమైంది. ఈ ఒక్క విషయంలో నా బెంగ తీరింది. 2022 జూన్‌లో సైఫాబాదు పాత టంకశాలలో మ్యూజియం ప్రారంభించారు. నాణేలను అద్దాల పెట్టెలో ఎక్కడైనా చూడవచ్చు. కాని అవి పుట్టిన చోటే, ఆ గోడల మధ్యే చూడడం వేరు. కార్యదర్శి గారు అనుమతులు, వేళలు కనుక్కుని మనందరినీ ఒకసారి తీసుకువెళ్ళాలని సభాముఖంగా కోరుతున్నాను. మెట్లు ఎక్కలేనివారి సంగతి కూడా ముందే విచారించి పెట్టుకోవాలి.

మ్యూజియంలో యంత్రం ఉంటుంది గాని యంత్రం పక్కన నిలబడినవాడు ఉండడు. సైఫాబాదులో పనిచేసి రిటైరైనవారు మన నగరంలో ఇంకా ఉన్నారు. మా వీధిలోనే ఒకాయన ఉన్నారు. ప్రెస్సుల చప్పుడుకు చెవులు మందగించాయి, ఎదుటి మనిషి మాట రెండుసార్లు చెప్పాలి. మరి నేల మీద నాణెం పడితే మాత్రం అది రూపాయా రెండు రూపాయలా అని తల తిప్పకుండా చెప్తారు. వారందరి వయసూ డెబ్బై దాటింది. వారిని మన సభకు పిలిచి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని మన పత్రికలో అచ్చు వేయాలి. రాసే పని నేను చేస్తాను. చేతివ్రాత ఇంకా బాగానే ఉంది.

ఇంకొక్క మనవి. మీ ఇళ్ళలో అటకల మీద మీ తండ్రుల, తాతల సర్వీసు పుస్తకాలు, ఉర్దూలో రాసిన పింఛను ఉత్తర్వులు, జీతం రశీదులు ఉండే ఉంటాయి. చదవడం రాదని పాత కాగితాలవాడికి తూచి అమ్మేయకండి. ఓ.ఎస్. అన్న రెండక్షరాలున్న కాగితం ఏదైనా దొరికితే దాని నకలు ఒకటి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. చదివిపెట్టే పెద్దలు మన సభ్యులలో ఇద్దరు ముగ్గురున్నారు. చార్మినారు రూపాయిలు ఉంటే అమ్మవద్దని చెప్పను, అవసరాలు ఎవరివి వారివి. కాని పండక్కి చింతపండు పెట్టి తోమకండి. తోమితే ముందు అరిగిపోయేది ఆ కమాను కింది చిన్న అక్షరమే.

 టీ చల్లారిపోతోందని వెనకనుంచి సైగ చేస్తున్నారు. సెలవు.